మాచవరం తులసాకు, మా చెల్లి టీ గ్లాసు

మా చెల్లి స్వప్నకి ఐదో నెల. మామూలు టీ తాగితే గుండెల్లో మంట. అందుకని ఎండు తులసాకు టీకి మారింది. "హాయిగా ఉంది అన్నయ్యా, గొంతు గరగర కూడా పోయింది" అంటే నరసరావుపేటలో కొని నేనే పంపుతున్నాను. ఆకు మాచవరం వైపు నుంచి వస్తుందని కొట్టాయన చెప్పాడు. తోటలోనే కొంటే ఇంకా తాజాగా ఉంటుంది కదా అని ఆదివారం బయల్దేరాను.

పొద్దున్నే పిడుగురాళ్ల బస్సెక్కితే గంట పైన పట్టింది, టికెట్టు వంద లోపే. అక్కడి నుంచి మాచవరానికి షేర్ ఆటో. "తులసి తోటా? ఇక్కడ చానావరకు మిరపేగా! పూజకా ఏంది అన్నా?" అన్నాడు డ్రైవరు. టీకి అంటే పడీపడీ నవ్వాడు.

అతను చెప్పినట్టే అంతా మిరప. ఆ చేను గట్ల వెంట నాలుగు వరసలు తులసి, వాసన అదిరిపోతోంది. రైతు వెంకటేశ్వర్లు వీపున ట్యాంకు తగిలించుకుని మిరపకి పురుగుమందు కొడుతున్నాడు. గట్టు దగ్గరికి రాగానే అదే ఊపులో తులసి మీదికీ తిప్పాడు.

"బాబాయ్, తులసికి కూడానా!"

"కొట్టకపోతే పురుగంతా దీంట్లో దాక్కుని మళ్లీ మిరప మీద పడదూ?"

ఆయన భార్య అంకమ్మ పక్కనే పట్టా మీద ఆకు ఆరబోస్తోంది. పేట కొట్లకి పోయేది ఇదేనా పిన్నీ అని అడిగాను. "ఇదే. మా ఇంట్లోకి వాకిట్లో వేరే మొక్కలున్నయ్, వాటికి మందు కొట్టం. అయినా కడుక్కునే తాగుతారుగా? తోటకూర కడగరా ఏంది?"

ఓరి దేవుడో! ఎండిన టీ ఆకు ఎవరు కడుగుతారు? కడిగినా మందంతా పోతుందని నమ్మకమేంటి? ఒళ్లు మండిపోయింది, కానీ ఆవిడ నిజంగానే కడుగుతామనుకుంటోంది. చెల్లి సంగతి చెప్పాను. ఐదో నెల అనగానే అంకమ్మ చేతిలో ఆకు వదిలేసింది. "అయ్యో నాయనా, ముందు ఫోన్ చెయ్!"

చేశాను. స్వప్న అప్పుడే గ్లాసు పట్టుకుని కూర్చుందట. పారబొయ్యమని అరిచాను. "ఎందుకు? నువ్వు పంపిందేగా అన్నయ్యా" అంది.

రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఏం చెప్తారో ఏమో. తులసి మంచిదే, కాదన్ను. ఆకు అనగానే మందుల్లేనిదే అనుకోవడం మాత్రం నా తెలివితక్కువతనం. మీరూ తోటకెళ్లి కొనేట్టయితే ముందు ధర అడక్కండి. "మీ ఇంట్లో తాగే ఆకు ఏది?" అని అడగండి. వేరే మొక్క చూపిస్తే మాత్రం ఉత్త చేతుల్తో వచ్చేయండి.