కొంగ మెడ మీద గీత

నా చిన్నప్పుడు, డెబ్బైల చివర్లో, కువైట్‌లోని ఫహాహీల్‌లో మా పక్క ఫ్లాటులో రాయచోటి ఆవిడ ఒకరు ఉండేవారు. పిల్లలందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. ఆవిడ వంట చేసిన జపాను ఇంజనీరు కుటుంబం స్వదేశం వెళ్ళిపోతూ పాత మిఠాయిపెట్టె ఒకటి ఇచ్చిపోయింది. మూడు అరల చెక్కపెట్టె. నల్లగా నిగనిగలాడే లక్కపూత, మూత మీద బంగారు కొంగ. కొంగ కంట్లో వజ్రం ఉండేది. ఉండేది కాదులెండి, బడిలో అలా కోతలు కోసేవాణ్ణి.

మా అమ్మ సున్నుండలు మాత్రం పాలపొడి డబ్బాలో పంపేది. జనం మా సున్నుండలు తింటూ ఖాలా పెట్టెను పొగిడేవారు. అలాంటి పెట్టె మనకెందుకు లేదని నేను అమ్మతో పోట్లాడేవాణ్ణి.

ఒకసారి ఆ పెట్టెలో మాకు కజ్జికాయలు వచ్చాయి. వచ్చిన పాత్రను ఖాళీగా తిప్పి పంపడం మా అమ్మకు నామోషీ. ఏదైనా వండేదాకా రెండు రోజులు పెట్టె మా ఇంట్లోనే ఉంది. ఆ రెండు రాత్రులూ నాకు కునుకు లేదు. అబద్ధం, హాయిగా నిద్రపోయాను. కాకపోతే లేచి, కంపాస్ ముల్లుతో కొంగ మెడ మీద గీత గీశాను.

అమ్మ పెట్టె నింపి ఖాలాకు తిప్పి పంపింది. రంజాన్ పండగనాడు నన్ను పిలిచి, నిండు పెట్టె చేతిలో పెట్టింది.

"యల్లా, పో అబ్బీ, మన బిల్డింగులో పంచి రా. కొంగకేమాయెనని ఎవురన్నా అడిగితే నువ్వే చెప్పుకో."

మొదటి ఇంట్లో ఓడలో గీరుకుందన్నాను. రెండో ఇంట్లో జపాను కాకి పొడిచిందన్నాను. మూడో ఇంట్లో కత్తియుద్ధం దాకా వెళ్ళాను. ఈలోపు మెట్ల మీద ఒక పిల్లాడు తగలబోతే, "కళ్ళు కనపడటంలేదట్రా!" అని అరిచి పెట్టెను గుండెకు హత్తుకున్నాను.

చివరి ఇంట్లో కోనసీమ మామ్మగారు. చూపు ఆనదు. మూత తడుముతూ గీత దగ్గర ఆగారు.

"అయ్యో, పిట్టకి దెబ్బ తగిలిందేంట్రా?"

"నేనే గీశానండీ."

"మరి ఆవిడతో చెప్పావా?"

ఇక ఖాలా ఆ పెట్టె నన్ను తాకనివ్వదని ఏడుస్తూనే వెళ్ళి చెప్పాను.

"ఆ పొద్దే ఎరికెలే," అంది ఖాలా. "మళ్ళా పండక్కి మోస్తావా?"

ఎవరి దగ్గరైనా మంచి వస్తువు కనిపిస్తే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. అప్పుడు వెళ్ళి, కాసేపు పట్టుకుంటానని అడుగుతాను. బరువు చేతికి తెలిశాక గీకబుద్ధి కాదు.