కంపెనీలు కలిసిన రోజుల్లో బావకు ఇచ్చిన పూచీ

పటాన్‌చెరులో నేను పనిచేసే మందుల కంపెనీ రోడ్డుకు ఇటు, బావ పనిచేసే కంపెనీ అటు. రెండూ ఒకే నొప్పి మందు తయారుచేసేవి. బావ అంటే మా అక్క భర్త. దగ్గర్లోని కర్దనూర్ ఊళ్లో వాళ్లింట్లో పక్కపక్కన కూర్చుని తింటూ ఒకరి కంపెనీని ఒకరం వెక్కిరించుకునేవాళ్లం.

“మీ మందు తింటే నొప్పి పోదు బామ్మర్ది, మనిషే పోతడు.”

“మీది పనిజేసేలోపట నొప్పి దానంతట అదే పోతది బావా.”

పని గుట్టు మాత్రం ఇద్దరం విప్పేవాళ్లం కాదు. మందు వండే పెద్ద పాత్ర, రియాక్టర్‌లో ద్రావణం చల్లారేటప్పుడు పాత బ్యాచ్ పొడి కొంచెం వేస్తే, పాలు తోడుకున్నట్టు, మందు గింజ కడుతుంది. ఎప్పుడు వెయ్యాలన్నదే కిటుకు. బావ బ్లాకులో, అంటే ఆ మందు తయారయ్యే విభాగంలో, అది చక్కగా కుదిరేది. మా దగ్గర సగం బ్యాచులు ముద్దకట్టేవి.

ఇంతలో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. క్యాంటీన్‌లో లడ్డూలు పంచారు. మా మేనేజర్ నన్ను పక్కకు పిలిచి, “మీ బావను ఒప్పించి ఆ పద్ధతి మన బ్లాకుకు తీసుకురా. ఎవరి ఉద్యోగమూ పోదు,” అన్నాడు. ఒకే మందుకు రెండు బ్లాకులు ఉంచరన్న సంగతి అప్పటికే నా చెవిన పడింది.

బావ ఒక్కటే అడిగాడు. “నిజం చెప్పు. మా బ్లాకు ఉంటదా?”

“ఉంటది బావా. ఇగ అంతా ఒక్కటే గదా. నాది పూచీ.”

నమ్మాడు. మా రియాక్టర్ దగ్గర నిలబడి అంతా నేర్పాడు. మందు తెల్లగా, ఇసుకలా రాలింది. ఆ చలికాలంలోనే పునర్వ్యవస్థీకరణ అన్నారు. బావ బ్లాకుకు తాళం పడింది, ఆయన ఉద్యోగం పోయింది. నేను ఇన్‌చార్జినయ్యాను. తర్వాత అక్క ఇంటికి పోవడం మానేశాను, పని ఎక్కువని చెప్పి.

కొన్నేళ్లకు మళ్లీ పునర్వ్యవస్థీకరణ అన్న మాటే వినిపించింది. ఈసారి మా బ్లాకును వేరేవాళ్లకు అమ్మారు. వాళ్లు తమ మనుషులను తెచ్చుకుని మమ్మల్ని పంపేశారు. మేనేజర్ నా ఫోన్ ఎత్తలేదు.

మండిపోతూ కర్దనూర్ వెళ్లాను. బావ మడిలో టమాటా నారు నాటుతున్నాడు.

“మనిద్దర్ని కంపెనీ మోసం జేసింది బావా.”

ఆయన తలెత్తలేదు. “కంపెనీని నేనెన్నడు నమ్మిన? నిన్ను నమ్మిన.”

ఒక బ్లాకు మూసేస్తారని నాకు ముందే తెలుసని అప్పుడు చెప్పాను.

“ఎరికే. నీ నోటెంట ఎప్పుడొస్తదోనని సూస్తున్న,” అన్నాడు.

అక్క ఇద్దరికీ పక్కపక్కన కంచాలు పెట్టింది. బావ తన కంచం తీసుకుని అరుగు మీదికి వెళ్లాడు.