కుట్టిన పేజీలు

తమిళనాడులోని రాజపాళయం మిల్లులో ఏళ్లతరబడి బ్యాండేజీ గుడ్డ చుట్టిన మనిషి మా పెద్దమ్మ. మనవరాలు తెచ్చుకునే టీనేజి నవలలు ముందు తనే చదివేది. ముద్దులూ తాగుడూ ఉన్న పేజీలకు అంచున బ్యాండేజీ పట్టీ వేసి కుట్టేసేది.

“పుస్తకానికి దెబ్బ తగిలినాదా అవ్వా?” అని ఆ పిల్ల నవ్వేది.

“మానినాక విప్పుతా, పో.”

చివరి నవలలో ఒక అమ్మాయికి బతకాలని లేదు. పెద్దమ్మ అక్కడే చదవడం ఆపి, మిగతా పేజీలన్నీ కుట్టేసింది.

ఆ పుస్తకం ఇంట్లో ఉండగానే మనవరాలు ఆత్మహత్య చేసుకుంది. కుట్లు అలాగే ఉన్నాయి. కర్మలయ్యాక పెద్దమ్మ నా ఎదుటే వాటిని కత్తిరించి, చివరిదాకా చదివింది. ఊడిన పట్టీని మిల్లులో లాగే బిగించి చుట్టింది.

“ఈ కతలో పిల్ల వాళ్ళవ్వకాడ చెప్పినాది పా,” అంది. “చెప్పి, బతికినాది.”