పదకొండు రోజుల మామయ్య

మా మామయ్య ప్రపంచం కంటే పదకొండు రోజులు వెనక ఉంటాడు. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు, ఇంటిల్లిపాదీ లెక్కకట్టి తేల్చిన సంగతి. ఫోనులో వచ్చిన ప్రతి సందేశాన్నీ వచ్చిన వరసలోనే చదవాలన్నది ఆయన పట్టుదల. ఒకటి పూర్తిగా అర్థమయ్యేదాకా రెండోదాని జోలికి పోడు. మా చుట్టాల గ్రూపులో నలభై ముగ్గురం ఉన్నాం. అందులో పనున్న వాళ్ళు తక్కువ. ఆ ధాటికి మనిషి పదకొండు రోజులే వెనకబడ్డాడంటే నిజానికి మెచ్చుకోవాలి.

దీనివల్ల మా ఇళ్ళలో ప్రతి పుట్టినరోజూ రెండుసార్లు జరిగేది. కేకు అయిపోయి, డబ్బా కూడా పారేశాక మామయ్య ఫోను చేసి నిండు మనసుతో దీవించేవాడు. భారీ వర్షం వస్తుందన్న హెచ్చరిక చదివి, మండుటెండలో గొడుగు చంకన పెట్టుకుని బయల్దేరేవాడు.

"మామయ్యా, ఆ వాన ఎప్పుడో కురిసి వెలిసింది" అన్నాన్నేను ఒకసారి.

"అలాగా! వాళ్ళు చెప్పినంతా కురిసిందా?"

నాకు తెలియలేదు. కురిసిన రోజు నేను ఫోనులో వాన చూస్తూ కూర్చున్నాను.

మామయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. ఎదురు దుకాణం మీద "గంటలో కళ్ళజోడు" అని బోర్డు ఉంటుంది. మామయ్య దగ్గర గంటలో ప్రశ్నలు కూడా పూర్తి కావు. దగ్గరివి ఆనడం లేదని ఒకావిడ వస్తే, "దగ్గరగా ఏమేం చూస్తావమ్మా?" అని మొదలుపెట్టాడు. సూదిలో దారం ఎక్కించడం కష్టంగా ఉందని ఆవిడ అంది. సూదీ దారం తెప్పించాడు. ఆవిడ ఎంత దూరాన పట్టుకుంటుందో స్కేలు పెట్టి కొలిచాడు. ఏం కుడతావన్నాడు, ఎవరికి కుడతావన్నాడు. వారం తర్వాత జోడు చేతికిచ్చాడు. ఆ మర్నాడు ఆవిడ మరో ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది. మామయ్య వ్యాపారం ఎలా నడుస్తుందో ఎదురు దుకాణం వాడికి ఇప్పటికీ అంతుపట్టదు.

రోజూ పది నిమిషాలు వెనక్కి నడిస్తే మతిమరుపు దరిచేరదని మా పెద్దత్తయ్య గ్రూపులో పెట్టింది. నలభై మందిమీ చప్పట్ల బొమ్మలు పంపి ఊరుకున్నాం. మామయ్య మాత్రం నిజంగా నడిచాడు. ఇరవై రోజుల తర్వాత గ్రూపులో ఆయన నివేదిక వచ్చింది. "పది రోజులు వెనక్కి నడిచాను. మతిమరుపు సంగతి తేలలేదు. ఎలక్ట్రీషియన్ కాలు తొక్కాను. ఇంతకీ ఇది ఎవరు కనిపెట్టారు వదినా?"

పెద్దత్తయ్య వెంటనే జవాబిచ్చింది. "ఏది?"

ఈ మామయ్యను చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. నవ్వే హక్కు నాకే ఉందనుకునేవాణ్ణి కూడా. ఎందుకంటే నాది ఫోనుల్లో టింగుమని మోగే వార్తలు రాసే ఉద్యోగం. రోజుకు నలభై. ఒక్కోదానికి తొంభై సెకన్లు. ఏం జరిగినా చివర "కలకలం" అని తగిలించేవాణ్ణి. ఏటీఎంలోకి కోతి దూరింది, కలకలం. ఆ కోతి బయటికొచ్చింది, మళ్ళీ కలకలం. "ముందు పంపు, తర్వాత చూద్దాం" అన్నది మా ఎడిటరు సిద్ధాంతం.

ఒకరోజు కూలిన వంతెన ఫోటో ఒకటి వచ్చింది. తొంభై సెకన్లలో పంపేశాను. "పాత వంతెన కూలింది. ఊళ్ళో కలకలం." తర్వాత చూశాం. ఆ వంతెన ఏ దేశానిదో. మా వంతెన మీద అప్పుడే రెండు బస్సులు వెళ్ళాయి. పంపేముందు సరిచూసుకోలేదన్న నేరం మీద ఎడిటరు నన్ను తీసేశాడు.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. "ఇవాళ నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఏం చేయాలో తోచడం లేదు." పద్నాలుగు పూలగుత్తులు వచ్చాయి. తొమ్మిది చప్పట్లు. మా చిన్నబాబాయి "ఇంకేం, పార్టీ ఎప్పుడు?" అని అడిగాడు. సరిదిద్దడానికి సిగ్గేసి, "థాంక్యూ బాబాయ్" అన్నాను.

తర్వాత తలుపేసుకుని గదిలో పడున్నాను. రోజంతా ఫోనును బొటనవేలితో పైకి తోస్తూ ఉండటం తప్ప వేరే పని లేదు. పదకొండో రోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే, చెమటతో తడిసి మామయ్య.

"ఒరేయ్, నీ ఉద్యోగం పోయిందటగా!"

"పోయి పదకొండు రోజులైంది మామయ్యా."

"నాకిప్పుడే పోయింది కదరా" అన్నాడు, కుర్చీలో కూలబడుతూ. "పొద్దున వంతెన కూలిందని చదివాను. వెళ్ళి చూసొచ్చాను. బానే ఉంది. ఇదేమిటి చెప్మా అనుకుంటుంటే ఆ కిందే నీ కబురు. దుకాణం సంగతి వదిలేసి పరిగెత్తుకొచ్చా. అది సరే, వాళ్ళంతా పూలెందుకు పంపారు?"

"పూర్తిగా చదివుండరు."

మామయ్య కుర్చీని నా వైపు జరుపుకున్నాడు. "వంతెన కూలిందని నీకెవరు చెప్పారు?"

"ఫోటో వచ్చింది."

"ఎక్కణ్ణించి?"

"ఎవరో పంపారు."

"వాళ్ళకెవరు చెప్పారు?"

మూడేళ్ళ ఉద్యోగంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేను కూడా. మామయ్య గొంతులో తిట్టు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

"రేపు వంతెన దగ్గరికి పోదాం" అని లేచాడు. "నువ్వు చూళ్ళేదుగా."

ఆయన వెళ్ళాక అత్తయ్య ఫోను చేసింది. "వచ్చాడా? అన్నం సగంలో వదిలేసి పరిగెత్తాడురా!"

"వచ్చాడత్తా. ఆ గ్రూపులో చెత్తంతా వదిలేస్తే పదకొండు రోజులు పట్టేది కాదు కదా, చెప్పకూడదూ?"

"గ్రూపుదేముందిరా, అది ఏ రోజుదా రోజే అయిపోతుంది. ఆయన వెనకబడేది నీవల్ల!"

"నావల్లా?"

"నువ్వు ఉద్యోగంలో చేరిన రోజే మీ వార్తలు ఫోనులో పెట్టించుకున్నాడు. మావాడు రాస్తుంటే చదవకపోతే ఎలా అని. రోజుకు నలభై రాస్తే మనిషి ఎప్పటికి తెములుతాడు? ఒక్కోదానిమీద మళ్ళీ ఆలోచన."

"ఏవి నావో ఎలా తెలుసు?"

"కలకలం అని ఉంటే నీదేనట. ఆ కోతిది మాత్రం చాలా బాగా రాశావన్నాడు. నాకు రెండుసార్లు చదివి వినిపించాడు."

మూడేళ్ళలో రాసినవాటిని నేనే రెండోసారి చూసింది లేదు. ప్రపంచంలో ఒక్క మనిషి వాటన్నిటినీ కూర్చుని చదివాడు. ఆ మనిషిని చూసి నేను నవ్వాను.

మర్నాడు వంతెన దగ్గరికి వెళ్ళాం. ఇవతలి చివర సైకిళ్ళు బాగుచేసే ఆయన ఉన్నాడు. మామయ్య తిన్నగా వెళ్ళి, "ఆ కూలిన వార్త రాసింది మావాడేనండీ" అన్నాడు. ఆ క్షణాన వంతెన నిజంగానే కూలితే బాగుండుననిపించింది.

సైకిళ్ళాయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వేనా బాబూ? రెండ్రోజులు ఇటు ఒక్క సైకిలు రాలేదు."

"తప్పైపోయిందండీ" అన్నాను.

"మనుషులే రాలేదనుకో. ఒక్క మా బావమరిది తప్ప. ఆరేళ్ళుగా మాకు మాటల్లేవు. నేను వంతెన కింద పడిపోయాననుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. నేనేమో తీరిగ్గా టైరుకు గాలి కొడుతున్నా. ముందు ఏడ్చాడు, తర్వాత తిట్టాడు. అప్పట్నుంచి రోజూ వస్తున్నాడు."

"ఆరేళ్ళు ఎందుకు మాట్లాడుకోలేదు?" అన్నాడు మామయ్య.

"అదే ఇద్దరికీ సరిగ్గా గుర్తు రావట్లేదు. తలో రకంగా చెబుతున్నాం."

మామయ్య అక్కడున్న బల్ల మీద స్థిరంగా కూర్చున్నాడు. "మొదట్నుంచి చెప్పండి." నేనూ పక్కన కూర్చున్నాను. చిన్నగా మొదలైన కథ, బావమరిది కూడా వచ్చేసరికి రెండు మధ్యాహ్నాలు సాగింది.

అది రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒక చిన్న వారపత్రికకు పట్టుకెళ్తే, సంపాదకురాలు చివరిదాకా చదివి, "ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగింది. భయపడుతూ చెప్పాను. "తర్వాతిదానికి నాలుగు తీసుకో" అంది. నేనిప్పుడు అక్కడే పనిచేస్తున్నాను.

పత్రిక బయటికొచ్చిన రోజు బావాబావమరుదులు మళ్ళీ పోట్లాడుకున్నారు, నేను అవతలివాడి పక్షాన రాశానని ఇద్దరూ. కాకపోతే ఒక్క ప్రతే ఉండటంతో పక్కపక్కనే కూర్చుని, చెరో కొసా పట్టుకుని పోట్లాడారు. పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడల్లా ఒకరికోసం ఒకరు ఆగారు.