బావగారు వదిలేసిన గోల్

ఆ క్లబ్బులో గోల్‌కీపర్‌ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను బావగారే. చేరిన రోజే అతను డ్రెస్సింగ్ రూమ్‌లో కెప్టెన్ భుజం తట్టి, "బావా, కాస్త జరుగు, నా సామాను ఎక్కువ" అన్నాడు. గుమ్మానికి తల తగిలేంత మనిషి వరస కలిపితే కాదనేదెవరు?

అల్లరికి అంతు లేదు. ఒకడి షూ లేసులు ఇంకొకడి వాటితో ముడేసేవాడు. కెప్టెన్ సాక్సులో సబ్బుముక్క దాచేవాడు. అయినా భోజనాల దగ్గర అతని పక్క కుర్చీ కోసం రోజూ కొట్లాటే.

అందుకు కారణం ఉంది. డిఫెండర్లు ఏమరుపాటున ఉండి గోల్ పడ్డప్పుడల్లా కోచ్ చిందులు తొక్కుతూ వచ్చేవాడు. ఆయన నోరు తెరిచేలోపే బావగారు, "నాదే సార్ తప్పు. వాళ్లకి కేకెయ్యలేదు" అనేవాడు. నిజానికి అతని కేక వీధి చివరి దాకా వినపడేది. తిట్లన్నీ తలవంచుకుని విని, కోచ్ అటు తిరగ్గానే ఆయన నడకను అచ్చు దించేసేవాడు.

ఒక మ్యాచ్‌లో మాత్రం బావగారు నిజంగానే కొంప ముంచాడు. అవతలివాళ్లు దూరం నుంచి కొట్టిన బంతి మెల్లగా దొర్లుకుంటూ వచ్చింది. బావగారు వాళ్ల స్ట్రైకర్‌కి ఏదో జోకు చెబుతూనే వంగాడు. బంతి కాళ్ల సందులోంచి గోల్లోకి పోయింది. ఆ ఒక్క గోల్‌తోనే ఓడిపోయారు.

డ్రెస్సింగ్ రూమ్‌లో బావగారు గ్లోవ్స్ కూడా విప్పకుండా బెంచీ మీద కూలబడ్డాడు. కోచ్ తలుపు తోసుకుని వచ్చాడు.

"నాదే సార్ తప్పు" అంటూ కెప్టెన్ లేచాడు. "బంతికి అడ్డం వెళ్లాల్సింది నేను."

"కాదు సార్, నాది" అన్నాడు జట్టు స్ట్రైకర్.

"నువ్వు ఆ చివర ఉన్నావు కదయ్యా!"

"అదే సార్ తప్పు. ఈ చివర ఉండాల్సింది."

ఆఖరికి, ఆటంతా బయటే కూర్చున్న రెండో గోల్‌కీపర్ కూడా లేచాడు. "నాదీ ఉంది సార్."

"నువ్వసలు ఆడనే లేదు!"

"కూర్చుని ఆవలించాను సార్. అది బావగారికి అంటుకుంది."

కోచ్ గోడవైపు తిరిగి గట్టిగా దగ్గాడు. నవ్వు ఆపుకుని, "సరే. తప్పు చేసినవాళ్లంతా పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పరిగెత్తండి. ఏ పాపం ఎరగనివాడు కుర్చీలో కూర్చుంటాడు" అన్నాడు.

మర్నాడు జట్టంతా చెమటలు కక్కుతూ పరిగెత్తింది. బావగారు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో టీతో కూర్చున్నాడు. కాసేపు సిగ్గుతో తల దించుకునే ఉన్నాడు. తర్వాత ఉండబట్టలేకపోయాడు.

"కెప్టెన్ బావా, మోకాళ్లు పైకి! కూరగాయలకి వెళ్తున్నావా?"

అంతే. నలుగురు దారి మళ్లి వచ్చి, కుర్చీతో సహా అతన్ని ఎత్తుకుని పరుగు తీశారు. "దింపండ్రా! టీ కాలుతోందిరా!" అని బావగారు గోలపెట్టాడు. ఎవరూ దింపలేదు. కోచ్ ఆకాశంలోకి చూస్తూ, ఇంకో చుట్టు కొట్టమని విజిల్ ఊదాడు.