ముందు మొక్కు, తర్వాత తూటా

మొన్న మంగళవారం పొద్దున ఉస్తాద్ గారి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాన్న పోయిండు. గీ ముచ్చట నీకు ముందుగాల చెప్పాలని ఎప్పుడో చెప్పి పెట్టిండు," అంది. పొయ్యి మీద చాయ్ ఆపేసి కూర్చున్నాను. ఏడుపు రావాల్సిన చోట ముందు నవ్వొచ్చింది. ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి మరి. ఏడుపు తర్వాత తీరిగ్గా వచ్చింది.

ఆయన తుపాకులు బాగుచేసే మనిషి. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనపడే రోజులవి. మూడంతస్తుల కోచింగ్ సెంటర్ కింద, మెట్ల పక్క గదిలో ఆయన దుకాణం. ఫైళ్ళు పట్టుకుని ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు దారి తప్పి లోపలికి తొంగిచూసి, గోడకున్న తుపాకులు కనపడగానే రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. "కంప్యూటర్ పైన, తుపాకి కింద. పో అన్నా, రెంటికీ పరీక్ష ఉంటది," అనేవారు తలెత్తకుండానే.

ఎవరొచ్చినా ముందు లైసెన్సు పుస్తకం చూపించాలి. కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివాకే తుపాకి ముట్టుకునేవారు. పని చేసేటప్పుడు ఎంత ఎండైనా ఫ్యాను వేయరు. విప్పిన మరలన్నీ స్టీలు టిఫిన్ మూతలో, విప్పిన వరసలోనే పేర్చుకునేవారు. నేను అలవాటుకొద్దీ "ఉస్తాద్ గారూ" అంటే, "ఉస్తాద్ అంటేనే మస్తు పెద్ద మాట బిడ్డా, దానికి తోక ఎందుకు?" అని నవ్వేవారు. మాది బెజవాడ. ఆ తోక నాకు ఊడలేదు.

నేను అప్పుడు బేగంపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ని. వారమంతా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం, ఆదివారం ఊరి బయట షూటింగ్ రేంజిలో, గాల్లోకి ఎగరేసిన మట్టి పళ్ళాలని తుపాకితో పేల్చడం. నా ఆటలో రెండు పళ్ళాలు ఒకేసారి గాల్లోకి లేస్తాయి. నాది సెమీ ఆటోమేటిక్ తుపాకి. ఒక తూటా కాల్పుకి సిద్ధంగా, ఇంకొకటి కింది గొట్టంలో ఉంటుంది. మొదటిది పేలాక రెండోది తనంతట తానే పైకి రావాలి. నా ఖర్మకి, ఆ రెండోది పిలవకుండానే గొట్టంలోంచి జారిపోయేది. ఒక్కోసారి అడ్డంగా ఇరుక్కునేది, ఒక్కోసారి ఆ ఎర్ర ప్లాస్టిక్ తూటా నా కాళ్ళ దగ్గర పడి ఉండేది. అలా రాష్ట్ర జట్టు ఎంపిక రెండుసార్లు పోయింది. ఇద్దరు మెకానిక్కులు స్ప్రింగులు మార్చారు, తూటాని ఆపే కొక్కెం మార్చారు. జబ్బు మాత్రం మారలేదు. మూడోసారి కూడా పోతే తుపాకి అమ్మేసి ఇంట్లో కూర్చోవాలని గట్టిగా అనుకున్నాను. ఆ మూడో ఎంపికకి ఇంక రెండు వారాలే ఉంది.

అప్పుడే తుపాకిని ఉస్తాద్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మొత్తం విప్పి చూశారు. మందులేని డమ్మీ తూటాలు ఎక్కించి, దులిపి, తిప్పి, రెండు రోజులు పరీక్షించారు. ఒక్కటీ జారలేదు. "దీనికేం రోగం లేదు బిడ్డా," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో రోజూ వినే మాటే అది! తప్పు చూపిస్తే చాలు, "నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోందండీ" అంటారు. "మీ బల్ల మీద బాగానే ఉంటుందండీ, నా చేతుల్లో చూడండి!" అని అరిచాను. ఆయన చూపించమన్నారు. అక్కడే డమ్మీ తూటాలు పదిసార్లు ఎక్కించి చూపించాను. ఒక్కసారీ జారలేదు. నా పరువు మాత్రం జారింది.

"సామాను అబద్ధమాడదు. నువ్వు సుత ఆడుతలేవు. ఇంక మిగిలింది అలవాటు. ఐతారం నేను సుత వస్త," అన్నారు.

ఆదివారం నా స్కూటరు వెనక కూర్చుని, రెండు చేతులతో సీటు పట్టుకుని దారంతా నన్ను తిడుతూ వచ్చారు. రేంజిలో నా వెనకగా నిలబడ్డారు. మూడో జంట పళ్ళాలకి తూటా జారి కింద పడింది. తిరిగి చూస్తే ఆయన ముఖం వెలిగిపోతోంది.

"తుపాకి ఖాళీ చెయ్. ఇప్పుడు చెప్పు, తూటాలేస్కున్నంక ఏం జేసినవ్?"

"ఏమీ చేయలేదండీ. నిలబడ్డాను, అంతే."

"మొక్కినవ్!"

నిజమే. మా ఇంట్లో పుస్తకం కాలికి తగిలినా కళ్ళకద్దుకుంటాం. దసరాకి అమ్మ ఆ తుపాకికి కుంకుమ పెట్టి పూజ చేసినప్పటి నుంచి, కాల్చే ముందు మూతి ముందుకే ఉంచి, నడిమి భాగాన్ని ఎత్తి నుదుటికి ఆనించుకునేదాన్ని. అలా ఎత్తినప్పుడు నా అరచేయి కింద చిన్న మీట నొక్కుకునేది. తూటాని వదలమని చెప్పే మీట అదే. గట్టిగా మొక్కిన రోజున వదిలేది, తేలిగ్గా మొక్కితే ఊరుకునేది. దుకాణంలో డమ్మీ తూటాలకి ఎవరు మొక్కుతారు? రేంజిలో ఒక్కరూ కనిపెట్టలేదు, ఎందుకంటే ఎవరి మొక్కు వాళ్ళకుంది.

మీటని కొంచెం అరగదీయమని బతిమాలాను. "దాని తప్పేముంది? ఒత్తితే ఇడుస్తది, అది దాని పని. ముందు మొక్కు, తర్వాత తూటా. నిండిన తుపాకికి మొక్కుతరా ఎవలన్న? ఖాళీ చేతులతోని మొక్కాలె," అన్నారు. ఆ మాట కటువుగానే అన్నారు. నిండిన తుపాకిని తలకి ఆనించుకున్నానని అప్పటికి గాని నాకు భయం పుట్టలేదు.

ఎంపిక రోజున ఆఖరి జంట మిగిలింది. రెండూ పగిలితేనే జట్టు. ఖాళీ తుపాకికి మొక్కాను, కిందికి దించాను, తూటాలు వేశాను. పళ్ళాలు లేచాయి. మొదటిది పొడైంది. రెండో తూటా బుద్ధిగా, తన వంతుకే పైకొచ్చింది. రెండో పళ్ళెం కూడా పొడైంది! వెనక నుంచి "మార్ దియా బిడ్డా!" అని కేక. నలభై ఏళ్ళు తుపాకులు బాగుచేసిన మనిషి, కాల్చింది తానే అయినట్టు గంతులు వేస్తున్నారు. నేనూ ఏడుస్తూ గంతులేశాను. తర్వాత ఆయన వంగి, నా రెండో తూటా ఖాళీ డొప్పని వెతికి జేబులో వేసుకున్నారు.

జట్టులో నాలుగేళ్ళు ఆడాను. ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. తూటా ముట్టకముందే వాళ్ళతో మొక్కిస్తాను.

నిన్న పంజాగుట్టలో వాళ్ళింటికి వెళ్ళాను. ఆ డొప్ప దుకాణంలో దేవుడి పటం ముందు ఇన్నేళ్ళూ అగరుబత్తి గుచ్చుకునే స్టాండుగా ఉందట. కూతురు దాన్ని తెచ్చి ఆయన ఫొటో ముందు పెట్టింది. ఎరుపు వెలిసిపోయింది, అడుగున ఇత్తడి మాత్రం తోమి తోమి మెరుస్తోంది. భుజాన ఉన్న సంచీ తీసి పక్కన పెట్టాను, చేతిలో ఉన్న తాళాలు కూడా పెట్టేశాను. రెండు చేతులూ ఖాళీ అయ్యాక మొక్కాను.