లేబుల్ మీద అబద్ధం రాయని మా విజయక్క

నిన్న పొద్దున్నే విజయక్క వాళ్ల ఆయన ఫోన్ చేశారు.

"అక్క లేదు సుధాకరా" అన్నారు.

"యాడికి పోయింది బావా?" అని అడిగాను.

ఆయన ఏడుపు విన్నాక గానీ అర్థం కాలేదు. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

నేనెంత మూర్ఖంగా అడిగానో!

అల్లూరులో నేను పెట్టిన చిన్న డిసిన్ఫెక్టెంట్ యూనిట్‌కి అక్కే కెమిస్ట్. రొయ్యల ప్లాంట్లలో, ఆస్పత్రుల్లో నేలలు కడిగే మందు తయారుచేస్తాం. రిజిస్ట్రేషన్ రాకుండా ఒక్క క్యాన్ కూడా అమ్మకూడదు.

యూనిట్ పెట్టిన కొత్తలో, మందు ఏడాది పాటు నిలవ ఉంటుందని అప్లికేషన్‌లో రాశాం. నిజంగా ఉంటుందో లేదో చూడాలని అక్క కొన్ని క్యాన్లు షెడ్డులోనే ఉంచి, నెలనెలా టెస్ట్ చేసేది.

సరిగ్గా ఇన్‌స్పెక్షన్ ముందురోజు నన్ను పిలిచింది. షెడ్డులో పడే ఎండకి ఆ క్యాన్లలోని మందు పవర్ సగానికి పడిపోయింది.

షెడ్డు, మెషీన్లు, మా అందరి ఉద్యోగాలు ఆ ఒక్క రిజిస్ట్రేషన్ కాగితం మీదే ఉన్నాయి.

"నిన్న కలిపిన మందు టెస్ట్ చేసి, ఆ రీడింగ్ రిజిస్టర్‌లో రాసేయ్ అక్కా. ఎవరికి తెలస్తాది?" అన్నాను.

అక్క పెన్ను కింద పెట్టేసింది.

"కాన్పుల వార్డు తుడిచేదానికి పోతాదిరా ఇది. పసిబిడ్డలు ఉంటారాడ. నా చేత అబద్ధం రాయించబాక."

మర్నాడు ఆఫీసర్ గారు రిజిస్టర్ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు.

"ఇదేంటి?"

నేను నోరు తెరవకముందే అక్క చెప్పేసింది. "మందు నిలవలేదు సార్. మళ్లీ చేస్తాం."

రిజిస్ట్రేషన్ రాకుండానే మా ఫైల్ వెనక్కి వచ్చింది.

చాలా రోజులు నేను అక్కతో మాట్లాడలేదు. అక్క మాత్రం రోజూ టైముకే వచ్చింది. వెలుతురు దూరని ముదురు రంగు క్యాన్లు తెప్పించింది. లేబుల్ మీద గడువు ఆరు నెలలకు తగ్గించింది. టెస్టులన్నీ మొదటి నుంచీ చేసింది.

చివరికి రిజిస్ట్రేషన్ వచ్చింది. అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ దినం నాకూ భయమేసిందిరా. షెడ్డు మూతపడితే మా ఇల్లు ఎట్టా గడస్తాదని తెల్లార్లూ నిద్ర పట్టలా."

అప్పటిదాకా నేనొక్కణ్ణే భయపడ్డాననుకున్నాను.

వెళ్లిరా అక్కా. ఏ దిగులూ లేని చోట నీ మనసు చల్లగా ఉండాలి.